ధనుష్కోటి రైలు నిలయం – సేతుయాత్రలో ఒక అధ్యాయం

(కుంభాభిషేక మహోత్సవాలలో భాగంగా ఆలయ కల్యాణమండపంలో చేసిన ప్రసంగ పాఠం)

   

నిర్వాహకులు నన్ను సేతుమాహాత్మ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కోరారు. మాహాత్మ్యం చెప్పగల పండితులు ఈ వేదికమీదనే ఆసీనులై ఉన్నారు. నేను పురాణం చదివినవాణ్ణి కాను. అందుచేత సేతుతీరంలో ఒకప్పుడు ఉండిన ఒక రైలు నిలయం కథ చెబుతాను. అది కూడ సేతుయాత్రలో భాగమే. మీలో డెబ్భై ఏళ్ళు దాటినవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. అది ధనుష్కోటి.

మన పెద్దలకు కాశీ-రామేశ్వర యాత్ర అంటే ఒక్క యాత్ర కాదు, ఒకదానితో ఒకటి ముడిపడిన రెండు యాత్రలు. ముందు సేతువుకు పోయి సముద్రస్నానం చేసి అక్కడి ఇసుకను మూటగట్టుకొని రావాలి. ఆ ఇసుకను ప్రయాగలో త్రివేణీ సంగమంలో కలపాలి. అక్కడినుంచి గంగాజలాన్ని తెచ్చి రామనాథస్వామికి అభిషేకించాలి. అప్పటికిగాని యాత్ర పూర్తి అయినట్లు కాదు. ఈ ఇసుకను తీసికొనే చోటే ధనుష్కోటి. విభీషణుని ప్రార్థనపై శ్రీరామచంద్రుడు తన వింటికొనతో సేతువును ఛేదించాడని, అందువల్ల ఆ పేరు వచ్చిందని స్థలపురాణం. ఒకవైపు మహోదధి, మరొకవైపు రత్నాకరం. నడుమ సన్నని నాలుకవలె సాగిన ఇసుకదిబ్బ. పాంబన్ దీవికి ఆగ్నేయపు కొన అది.

అటువంటి చోటికి రైలు ఎందుకు వేశారు? యాత్రికుల కోసమని మనం అనుకొంటాం. నిజానికి దొరలకు కావలసింది కొలంబో. తొలుత మద్రాసు నుంచి కొలంబో పోవలసినవారు రైలులో తూత్తుకుడి వరకు వెళ్ళి, అక్కడ ఓడ ఎక్కేవారు. అది దూరపు సముద్రయానం. ధనుష్కోటి నుంచి సింహళంలోని తలైమన్నార్‌కు సముద్రం ఇరవై మైళ్ళకు అటూ ఇటూగా మాత్రమే. ఆదిలో ఆ ఇసుకతిప్పల మీదుగానే సింహళం వరకు రైలువంతెన కట్టాలన్న ఊహ కూడ ఉండేది. అది సాగలేదు. దాని బదులు మండపానికీ పాంబన్ దీవికీ నడుమ ఉన్న సముద్రంపై వంతెన, దీవికొన వరకు పట్టాలు, అక్కడినుంచి ఆవిరి ఓడ అన్న ఏర్పాటు కుదిరింది. దక్షిణ ఇండియా రైల్వే కంపెనీ ఆ పని చేపట్టింది.

1897 జనవరి 26న వివేకానందస్వామి పాశ్చాత్య దేశాలనుంచి తిరిగివస్తూ సింహళం మీదుగా పాంబన్‌లో దిగారు. రామనాథపురం రాజు భాస్కర సేతుపతి ఆయనకు స్వాగతం పలికాడు. అప్పటికి ఆ దీవికి వంతెన లేదు. రాజైనా, సన్న్యాసియైనా, మన పల్లెల నుంచి పోయిన పేదయాత్రికుడైనా పడవ ఎక్కవలసిందే.

పాంబన్ వంతెన 1914 ఫిబ్రవరి 24న ప్రారంభమైంది. రెండు కిలోమీటర్లకు మించిన పొడవు. మన దేశంలో సముద్రంమీద కట్టిన మొదటి వంతెన అదే. దాని మధ్యభాగంలో షెర్జర్ పద్ధతిలో చేసిన రెండు ఉక్కు రెక్కలు ఉండేవి. ఓడ వచ్చినప్పుడు మనుషులు చేతులతో యంత్రాన్ని త్రిప్పితే ఆ రెక్కలు రెండువైపులకు పైకి లేచేవి. ఓడ దాటగానే మళ్ళీ దింపేవారు. అదే సంవత్సరం ధనుష్కోటి నుంచి తలైమన్నార్‌కు ఓడలు మొదలయ్యాయి. మద్రాసు ఎగ్మూరులో టిక్కెట్టు కొంటే అదే టిక్కెట్టుపై రైలు, ఓడ, మళ్ళీ సింహళంలో రైలు ఎక్కి కొలంబో వరకు పోవచ్చును. ఆ రైలును జనం ‘బోట్ మెయిల్’ అన్నారు. తరువాతి కాలంలో నడిచిన ఓడలలో రెండింటి పేర్లు ఇర్విన్, గోషెన్. ఒకరు వైస్రాయి, మరొకరు మద్రాసు గవర్నరు.

ఇక్కడ ఒక చిన్న విషయం మనవి చేయాలి. నేటి యాత్రికులు ధనుష్కోటి రైలు రామేశ్వరం మీదుగా పోయేదని భావిస్తారు. అలా కాదు. పాంబన్ అప్పుడు జంక్షను. అక్కడ పట్టాలు రెండుగా చీలేవి. ఒక దారి ఆరు మైళ్ళ పైచిలుకు పోయి రామేశ్వరంలో ఆగేది. రెండవది పదిహేను మైళ్ళు పోయి ధనుష్కోటిలో ఆగేది. ఒకటి స్వామి సన్నిధికి, ఒకటి సముద్రానికి.

ఇసుక తప్ప ఏమీ లేని ఆ కొనలో స్టేషనుతోపాటు ఒక ఊరు వెలిసింది. రైల్వే ఉద్యోగుల ఇండ్లు, రైల్వే ఆసుపత్రి, తపాలా-తంతి కార్యాలయం, సుంకం కచేరి, రేవు కార్యాలయం, పాఠశాల, చర్చి, యాత్రికులకు సత్రాలు. చేపలు పట్టేవారు అంతకుముందు నుంచీ ఉన్నారు. సింహళంలోని తోటలకు కూలికి పోయిన లక్షల దక్షిణాది పేదలలో ఎందరో ఈ దారినే సముద్రం దాటారు. వారిని ముందు మండపంలోని శిబిరంలో కొన్నాళ్ళు నిలిపి, వైద్యపరీక్షలు చేసి పంపేవారు. ఒకే ప్లాట్‌ఫారంమీద ఒకరు పుణ్యానికి, ఒకరు వ్యాపారానికి, ఒకరు కూటికి. రైల్వేవారు ఆ ముగ్గురికీ అదే గంట కొట్టారు.

అబ్దుల్ కలాంగారి ఆత్మకథ ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ చదివినవారికి ఈ మార్గం గుర్తుండే ఉంటుంది. ఆయన తండ్రి యాత్రికులను రామేశ్వరం నుంచి ధనుష్కోటికి చేరవేయడానికి పడవ కట్టించారు. ఒక తుఫానులో అది పోయింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రామేశ్వరంలో రైలు ఆగడం మానినప్పుడు, వార్తాపత్రికల కట్టలను ధనుష్కోటి దారిలో నడుస్తున్న రైలునుంచి క్రిందికి విసిరేవారు. ఆ కట్టలను పట్టుకొనే పనిలో సాయపడి చిన్న కలాం తన మొదటి సంపాదన అందుకొన్నారు. రాష్ట్రపతి అయిన మనిషి తొలి జీతానికి మూలం ఆ రైలే!

ఇప్పుడు మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు. మన్నించాలి.

మా నాయనమ్మ 1956లో సేతుయాత్ర చేసింది. ఊరివారు పదిమందితో కలిసి పోయింది. మద్రాసు సెంట్రల్‌లో దిగి, మూటాముల్లె నెత్తిన పెట్టుకొని ఎగ్మూరుకు మారి, చిన్న పట్టాల రైలు ఎక్కారట. పాంబన్ వంతెనమీద రైలు నెమ్మదిగా పోతుంటే కిటికీలోనుంచి క్రిందికి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదని, తోటివారందరూ రామనామం అందుకొన్నారని, తాను మాత్రం కళ్ళు మూసికొని కూర్చున్నానని చెప్పి నవ్వేది. ధనుష్కోటిలో దిగి సంకల్పం చెప్పుకొని స్నానం చేసి, ఒక ఇత్తడి చెంబులో ఇసుక నింపి మూతకు గుడ్డ చుట్టి తెచ్చింది. మరుసటి ఏడు ప్రయాగకు పోదామని అనుకొన్నది. తాతగారు మంచాన పడ్డారు. ఆ ఏడు పోలేదు. ఆ పై ఏడూ పోలేదు. చెంబు మాత్రం దేవుని గూటిలో ఉండిపోయింది. శుక్రవారం నాడు మిగిలిన పాత్రలతోపాటు దానిని కూడ తుడిచి బొట్టు పెట్టేది.

1964 డిసెంబరు వచ్చింది. ఆ నెల 17వ తేదీన దక్షిణ అండమాన్ సముద్రంలో వాయుగుండం పుట్టింది. అది బలపడి సింహళాన్ని తాకి, 22వ తేదీ రాత్రి ధనుష్కోటిపై విరుచుకుపడింది. ఇరవై అడుగులకు పైబడిన ఉప్పెన ఊరిని ముంచింది. ఆ రాత్రి పాంబన్ నుంచి పదకొండు గంటల యాభై అయిదు నిమిషాలకు 653 నంబరు ప్యాసింజరు బయలుదేరింది. ఆరు పెట్టెలు. లెక్కకు వచ్చిన ప్రయాణికులు 110 మంది, రైల్వే సిబ్బంది అయిదుగురు. స్టేషను ఇంకా కొన్ని వందల గజాలు ఉన్నదనగా చీకటిలో సిగ్నలు కనబడలేదు. డ్రైవరు కొంతసేపు ఆగి, దీర్ఘంగా కూత వేసి, ఇక తప్పదని ముందుకు కదిలాడని అప్పటి కథనాలు. రైలు మొత్తం సముద్రం పాలైంది. ఎవ్వరూ మిగలలేదు. టిక్కెట్టు లేనివారు కూడ ఉండవచ్చుననీ, మృతుల సంఖ్య రెండు వందల వరకు ఉండవచ్చుననీ తరువాత అంచనా వేశారు. మొత్తం మీద ఆ తుఫానులో 1,800 మందివరకు మరణించారని చెబుతారు.

తంతులు తెగిపోయాయి. పాంబన్ వంతెన తెగిపోయింది. రైలు పోయిందన్న వార్త బయటి లోకానికి తెలియడానికే రెండు రోజులు పట్టింది. ఆ రాత్రి రామేశ్వరంలో చిక్కుకొన్న యాత్రికులలో మన మహానటి సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు కూడ ఉన్నారు. రామనాథస్వామి ఆలయంలో వందల మంది తలదాచుకొన్నారు. ఉప్పెన ఆలయం దాకా రాకుండానే ఆగింది. ధనుష్కోటి మార్గంలో, విభీషణ శరణాగతి జరిగిన స్థలమని భక్తులు చెప్పుకొనే కోదండరామస్వామి ఆలయం కూడ నిలిచింది. ఊరంతా పోయి గుడి నిలిచిందంటే దైవలీల అని ఊరక చేతులు జోడించేవారు ఉన్నారు. నేనూ జోడిస్తాను. కాని ఆ రైలులో ఉన్నవారు కూడ ఆ స్వామి భక్తులేనని మరచిపోలేను. వారి విషయంలో లీల అన్న మాట నా నోటికి రాదు.

వంతెన సంగతి వేరొక అద్భుతం. 126 గర్డర్లు కొట్టుకుపోయాయి. మధ్యనున్న షెర్జర్ రెక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. మరమ్మతుకు ఆరు నెలలు గడువు అనుకొన్నారు. తరువాత దానిని మూడు నెలలకు కుదించారు. పని అప్పగించబడిన యువ ఇంజనీరు వయస్సు 32 సంవత్సరాలు. సముద్రంలో పడిపోయిన గర్డర్లు ఎక్కడెక్కడ ఉన్నవో జాలర్ల సాయంతో వెతికించి, పైకి తీయించి, వాటినే మళ్ళీ స్తంభాలపైకి ఎక్కించి 46 రోజులలో రైలు నడిపించాడు. ఆయనే తరువాత కొంకణ్ రైల్వేతోను, ఢిల్లీ మెట్రోతోను దేశమంతటా పేరుపొందిన ఇ. శ్రీధరన్. ఆయన ఇంజనీరింగు చదివింది మన కాకినాడలోనని చెప్పుకోవడానికి నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

వంతెన 46 రోజులలో లేచింది. స్టేషను ఈనాటికీ లేవలేదు. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. వంతెన లేకపోతే రామేశ్వరానికి దారి లేదు. లక్షల మంది దానికోసం ఎదురు చూస్తున్నారు. ధనుష్కోటికి పోయే పదిహేను మైళ్ళ పట్టాలకు పని ప్రధానంగా ఓడవల్ల వచ్చింది. ఓడ రామేశ్వరం నుంచే నడిస్తే సరిపోయింది. తరువాత అలాగే నడిచింది కూడ. సింహళంలో సంఘర్షణలు చెలరేగి 1980ల తొలిభాగంలో అదీ ఆగిపోయింది. ప్రభుత్వం ధనుష్కోటిని నివాసయోగ్యం కాదని ప్రకటించింది. మిగిలిన యాత్రికులు కోరితే తెరిచేవారేమో! కాని స్నానానికి రామేశ్వరంలోనే అగ్నితీర్థం ఉన్నది. కోరవలసినంత గట్టిగా ఎవరూ కోరలేదు. మన ఆగమాలలో పన్నెండేళ్ళకొకసారి ఆలయానికి జీర్ణోద్ధరణ జరిపి కుంభాభిషేకం చేయాలన్న నియమం ఎందుకు పెట్టారో ఈ కథ తలచుకొన్నప్పుడు నాకు కొంత బోధపడింది. కూలినప్పుడు కట్టుకొందాం అనుకొంటే కట్టేవాడు ఉండడు. ఈ ఆలయపు విమానంలో రావి మొక్క మొలిచి ఎన్నేళ్ళు ఉన్నదో ఇక్కడ కూర్చున్నవారందరికీ తెలుసు.

నాయనమ్మకు ఆ వార్త ఎవరో పేపరు చదివి చెప్పారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదట. తరువాత లేచి దేవుని గూటిలో చెంబును ముట్టుకొని చూసి వచ్చిందట. ‘నేను దిగిన చోటు లేదు, ఆ ఇసుక మాత్రం నా దగ్గర ఉన్నది’ అన్నదని మా నాన్నగారు చెప్పేవారు. 1971లో ఆమె కాలం చేసింది. ప్రయాగ చూడకుండానే పోయింది. చివరి రోజులలో చెంబు గురించే అప్పగింతలు పెట్టింది.

1973లో నాన్నగారు ఆ ఇసుకను త్రివేణిలో కలిపి, గంగ తెచ్చారు. మరుసటి ఏడు ఆ గంగతో రామేశ్వరం వెళ్ళినప్పుడు నన్నూ వెంట తీసికొనిపోయారు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అభిషేకం అయిన తరువాత, అమ్మ దిగిన స్టేషను చూడాలని అన్నారు. దారి ఉన్నంత మేర బండిలో పోయి, అక్కడినుంచి ఇసుకలో నడిచాము. కాళ్ళు కూరుకుపోతున్నవి. ఎండ మాడుస్తున్నది. నేను ఏడుపు ముఖం పెట్టాను. కడకు కొన్ని గోడలు కనిపించాయి. పైకప్పులు లేవు. చర్చి గోడలు ఎత్తుగా నిలిచి ఉన్నవి. స్టేషను అని ఒక జాలరి చూపిన చోట కమానులతో కొంత గోడ, చుట్టూ ఇసుక. నాన్నగారు ప్లాట్‌ఫారం ఎటువైపు ఉండేదో ఊహించి, అక్కడ నిలబడి, చేతులు జోడించారు. నేను దప్పిక అన్నాను. ఆ జాలరి ఇల్లాలు సముద్రానికి పది బారల దూరంలో ఇసుకను చేత్తో తోడి, చిన్న గుంతలో ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో ముంచి ఇచ్చింది. తియ్యని నీళ్ళు! రెండువైపులా ఉప్పు సముద్రం, నడుమ మంచినీరు. ఆ వింతను నేను ఇప్పటికీ మరువలేను. అక్కడివారు తరతరాలుగా అలాగే నీరు తోడుకొంటున్నారు. నివాసయోగ్యం కాదన్న చోట నివసిస్తున్నవారు వారే.

మళ్ళీ 2018లో నా భార్యతో పోయాను. ఈసారి నడక లేదు. ముకుందరాయర్ సత్రం నుంచి ధనుష్కోటికి, అక్కడినుంచి అరిచల్‌మునై అనే కొసకు చక్కని రోడ్డు వేసి 2017లో ప్రారంభించారు. కార్లు, బస్సులు, గవ్వల దండలు, వేయించిన చేపలు, నీటిలో తేలే రాళ్ళు. ఆ రాళ్ళు సేతువు రాళ్ళని చెప్పి చూపిస్తారు. అవి సముద్రంలో దొరికే పగడపు రాళ్ళు. భక్తితో చూడండి, వద్దనను. డబ్బు ఇచ్చేముందు మాత్రం ఆలోచించండి. అంతకంటే నాకు బాధ కలిగించింది మరొకటి. శిథిలాల ముందు జనం ఫోటోలు తీసికొంటున్నారు. ఆ గోడలమీద తమ పేర్లు గీకుతున్నారు. అది శవాలు కూడ దొరకని వందల మందికి మిగిలిన ఏకైక గుర్తు. అక్కడ పేరు వ్రాయవలసి వస్తే వ్రాయవలసిన పేర్లు వేరు.

రామేశ్వరం నుంచి ధనుష్కోటికి మళ్ళీ రైలు వేయడానికి 2019 మార్చి 1న శంకుస్థాపన జరిగింది. పదిహేడు కిలోమీటర్ల పైచిలుకు మార్గం. ఆ మార్గంలో రైలు ఇంకా నడవలేదు. నడవాలా అని నన్ను అడిగితే వెంటనే అవునని చెప్పలేను. మా నాయనమ్మ దిగిన చోట దిగాలన్న కోరిక నాకు ఉన్నది. ఆ ఇసుకతిప్ప ఎంత అల్పమైనదో, సముద్రం ఎంత దగ్గరదో చూసినవాణ్ణి కనుక భయమూ ఉన్నది. పట్టాలు వేసేనాటికి, అక్కడ గుంతలో నీరు తోడుకొనే కుటుంబాలను ఎక్కడికి పొమ్మంటారో ముందుగా తెలుసుకోవాలనీ ఉన్నది.

సముద్రానికి అవతలివైపున తలైమన్నార్ స్టేషనుకు కూడ ఇటువంటి దురవస్థే పట్టింది. యుద్ధంలో ఆ మార్గం ధ్వంసమైంది. మన దేశపు సాయంతో తిరిగి కట్టి 2015 మార్చిలో రైలు నడిపారు. ఇవతల పాత పాంబన్ వంతెనపై 2022 డిసెంబరులో రైళ్ళు ఆపివేశారు. ప్రక్కనే కట్టిన కొత్త వంతెనను 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు ప్రధానమంత్రి ప్రారంభించారు. దాని మధ్యభాగం రెక్కలవలె విచ్చుకోదు, నిలువుగా పైకి లేస్తుంది. ఇప్పుడు మనుషులు చేతులతో త్రిప్పనక్కరలేదు. కొత్త వంతెనమీద పోయినప్పుడు నేనూ కిటికీలోనుంచి క్రిందికి చూశాను. కళ్ళు మూసికోలేదు గాని, రామనామం మాత్రం దానంతట అదే నోటికి వచ్చింది.

ఈ సంవత్సరంలో సేతుయాత్రకు పోదలచినవారికి ఒక మనవి. చెన్నై ఎగ్మూరు నుంచి రామేశ్వరం పోయే రైలును పెద్దలు ఇప్పటికీ బోట్ మెయిల్ అనే పిలుస్తారు. ఓడ లేదు, పేరు ఉన్నది. రామేశ్వరంలో దిగి ఉదయాన్నే ధనుష్కోటికి బయలుదేరండి. సాయంత్రం చీకటి పడకముందే అక్కడినుంచి తిరిగి రావలసి ఉంటుంది. కెరటాలు బలమైనవి, స్నానానికి లోతుకు దిగవద్దు. దారిలో కోదండరామస్వామిని దర్శించండి. స్టేషను గోడల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ 653 ప్యాసింజరులో పోయినవారికి తిలోదకాలు విడిచేవారు లేకపోయి ఉండవచ్చును. సంకల్పంలో వారిని కూడ తలచుకొంటే మీ స్నానఫలం ఏమీ తగ్గదు.

రేపటి అభిషేకానికి యాగశాలలో ఉంచిన తీర్థాలలో సేతుతీర్థం కూడ ఉన్నది. దానిని తెచ్చిన భాగ్యం నాకు దక్కింది. తీసికొనిపోయిన పాత్ర మా నాయనమ్మ ఇత్తడి చెంబే. మూతకు గుడ్డ మాత్రం కొత్తది.

సెలవు.